నువ్వు పాడితే కొట్టేదెవడు?

పెద్దమ్మ పోయిన ఏడాదికి, నిరుడు సంక్రాంతి ముందు, విశాఖపట్నంలో అల్లిపురం ఇంట్లో ఆవిడ రేకు పెట్టె తెరిచాం. తాళంచెవి దొరక్క అన్నయ్య స్క్రూడ్రైవరుతో గొళ్ళెం ఊడదీశాడు. మూత ఎత్తగానే కలరా ఉండల వాసన. పాత ఎల్లైసీ బాండ్లు, పెదనాన్న కళ్ళజోడు, మూత లేని వెండి కుంకుమ భరిణె, అన్నిటికీ అడుగున పెళ్ళినాటి పట్టుచీర. వదిన ఆ చీర మడత విప్పితే లోపల్నించి ఒక క్యాసెట్టు జారి నేల మీద పడింది.

టీడీకే కంపెనీది, అరవై నిమిషాలది. లోపలి కార్డు మీద ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో నా చేతిరాత. పైన 'ఫేస్ వేల్యూ', దాని కింద 'ఫిల్ కాలిన్స్', ఆ కింద వరసగా పన్నెండు పాటల పేర్లు. రెండు చోట్ల స్పెల్లింగు తప్పు.

"ఇది ఇక్కడికెలా వచ్చిందిరా?" అన్నాడు అన్నయ్య.

నేనెక్కడో పోగొట్టేశానని ముప్పై ఏళ్ళ పైనుంచీ నన్ను తిడుతున్నది ఆయనే. పెద్దమ్మకా, ఇంగ్లీషు పాటలంటే చిరాకు. "ఆ అరుపులు ఆపరా, తలనొప్పొస్తంది" అనేది. అలాంటావిడ ఆ క్యాసెట్టుని పట్టుచీర మడతలో పెట్టుకుంది.

అసలు సంగతి చెప్పాలంటే 1986కి వెళ్ళాలి.

అప్పుడు నేను ఇంటర్ రెండో ఏడు. అన్నయ్య అంటే మా పెద్దమ్మ కొడుకు, అప్పటికి పాతికేళ్ళు. పగలు ఓ వర్క్‌షాపులో ఇనప రేకులు సుత్తితో సాపు చేసే పని. రాత్రిళ్ళు ఆర్కెస్ట్రాలో జాజ్ డ్రమ్స్. రైల్వే కాలనీలో ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దాయన దగ్గర నేర్చుకున్నాడు. ఆయన పెట్టిన ఫీజు ఏమిటంటే, వారానికోసారి జాలరిపేట నుంచి మంచి వంజరం తెచ్చివ్వడం. అన్నయ్య వాయించినన్నాళ్ళూ ఆ చేతి వాటం అలాగే ఉండేది. పాట ఏదైనా కానివ్వండి, స్నేర్ అనే చిన్న డ్రమ్ము మీద దెబ్బ మాత్రం కాస్త ఆలస్యంగా, బద్ధకంగా, తీపిగా పడేది.

వినాయక చవితి పందిళ్ళు, పెళ్ళి రిసెప్షన్లు, మార్గశిరంలో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి ఉత్సవాలు. ఎక్కడ ప్రోగ్రాం ఉంటే అక్కడికి నేనూ తయారు. సింబల్స్, అంటే ఆ పెద్ద ఇత్తడి పళ్ళేలు, వాటి సంచీ మొయ్యడం నా పని. స్టేజీ ఎక్కాక బేస్ డ్రమ్ము ముందు ఇటుక పెట్టాలి, లేకపోతే పెడల్ తొక్కుతున్న కొద్దీ అది మెల్లగా ముందుకి పాకుతూ సింగర్ కాళ్ళ దగ్గరికి వచ్చేస్తుంది. ఆ ఇటుక కూడా మేమే ఇంటి దగ్గర్నించి తీసుకెళ్ళేవాళ్ళం. పందిరి దగ్గర ఇటుక దొరకదా అంటే దొరుకుతుంది, కానీ అన్నయ్యకి ఆ ఇటుకే కావాలి.

ఆ ప్రోగ్రాముల ఫొటోలు ఇప్పటికీ నా దగ్గర ఓ డజను దాకా ఉన్నాయి. ఏ ఒక్కదాంట్లోనూ అన్నయ్య లేడు. సింగర్ భుజం వెనకాల సింబల్, సింబల్ పక్కన ఓ మోచెయ్యి. అంతే.

మా పెద్దమ్మ వాళ్ళ పై వాటాలో మర్చంట్ నేవీలో పనిచేసే ఒకాయన కుటుంబం ఉండేది. మేం బాబాయ్ అని పిలిచేవాళ్ళం. ఎనిమిది నెలలు సముద్రం మీద, నాలుగు నెలలు బనియనుతో బాల్కనీలో. విశాఖపట్నంలో పాటల సంగతి అప్పట్లో రెండు రకాలు. జగదాంబ సెంటర్లో దొరికేవి కొన్ని, ఓడల్లో వచ్చేవి కొన్ని. బాబాయ్ సింగపూర్ నుంచి డబుల్ డెక్ స్టీరియో తెచ్చాడు. దాంతో పాటు ఓ పెట్టెడు క్యాసెట్లు. వాటిని ఎవరికీ ఇచ్చేవాడు కాదు. "కావాలంటే కాపీ చేసుకోండి, ఖాళీ క్యాసెట్టు మీదే" అనేవాడు. కాపీ కూడా హైస్పీడులో చెయ్యనిచ్చేవాడు కాదు, క్వాలిటీ పోతుందట. కాబట్టి కాపీ అంటే పాటలన్నీ ఆయన ముందు కూర్చుని మొత్తం వినాలి. మధ్యలో ఆయన వ్యాఖ్యానం.

ఆ సాయంత్రం ఆయన పెట్టింది 'ఫేస్ వేల్యూ'. 1981 ఫిబ్రవరిలో వచ్చిన రికార్డు. మాకు చేరేసరికి ఐదేళ్ళు.

"ఈయన జెనిసిస్ అనే బ్యాండులో డ్రమ్మరు. ఇది సొంతంగా చేసిన మొదటి ఆల్బం. పాటలు రాసిందీ ఈయనే, పాడిందీ ఈయనే" అన్నాడు బాబాయ్.

అన్నయ్య అప్పటిదాకా గోడకి చేరగిలబడి ఉన్నవాడు లేచి కూర్చున్నాడు. "డ్రమ్మరు పాడతాడేటి?"

అప్పుడు బాబాయ్ ఆ కథ చెప్పాడు. తర్వాత నేను చదివి చూసుకుంటే అది చాలావరకు నిజమే. జెనిసిస్‌లో ముందు పాడేవాడు పీటర్ గేబ్రియల్. 1975లో ఆయన బ్యాండు వదిలేశాడు. కొత్త సింగర్ కోసం వీళ్ళు ఎంతోమందిని పిలిపించి పాడించారు. వచ్చినవాళ్ళకి పాట ఇలా అని పాడి వినిపించే పని డ్రమ్మర్ కాలిన్స్‌ది. చివరికి వచ్చినవాళ్ళెవరూ నచ్చలేదు, వినిపించేవాడే నయమనిపించి అతన్నే పెట్టుకున్నారు.

అన్నయ్యకి ఒకటే సందేహం. "మరి ఈడు ముందుకొచ్చి పాడితే ఎనకాల కొట్టేదెవడు?"

"స్టేజీ మీదకి వేరే అతన్ని పెట్టుకున్నారు" అన్నాడు బాబాయ్. అదీ నిజమే. 1976లో బిల్ బ్రూఫర్డ్, ఆ మరుసటేడు నుంచి చెస్టర్ థాంప్సన్.

"ఆళ్ళకి డబ్బులున్నాయి" అన్నాడు అన్నయ్య.

ఇక మొదటి పాట సంగతి. 'ఇన్ ది ఎయిర్ టునైట్'. విననివాళ్ళకి చెప్పడం కష్టం, విన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. మొదట ఒక రిథమ్ మిషన్ టిక్కుటిక్కుమంటూ నడుస్తుంది. రోలాండ్ కంపెనీ మిషన్ అది. దాని మీద కీబోర్డు మబ్బు కమ్మినట్టు కమ్ముకుంటుంది. ఆయన గొంతు ఎక్కడో పక్క గదిలోంచి వస్తున్నట్టు ఉంటుంది. ఒక నిమిషం అయింది. రెండు అయ్యాయి. డ్రమ్మర్ చేసిన ఆల్బంలో డ్రమ్ము లేదు! మూడో నిమిషంలో అన్నయ్య మొహంలో చిరాకు కనపడింది. "ఇదేటి బాబాయ్, మిషన్ పెట్టీసి కూకున్నాడు?"

బాబాయ్ వేలెత్తి చూపించాడు, ఆగు అన్నట్టు.

మూడు నిమిషాల నలభై సెకన్లు దాటాక వచ్చింది. దుడుం దుడుం దుడుం దుడుం దం దం! అన్నయ్య ఒళ్ళో ఉన్న పల్లీల పొట్లం నేల పాలైంది. నేను అతిశయోక్తి చెప్పడం లేదు. ఆ పల్లీలు నేనే ఏరాను.

ఆ తర్వాత నెలల తరబడి ఇంట్లో ఆ క్యాసెట్టు మోగుతూనే ఉంది. ఎవరొచ్చినా సరే, చుట్టాలు కానీ, పాలబ్బాయి కానీ, అన్నయ్య వాళ్ళని కూర్చోబెట్టి మొదటి పాట వినిపించేవాడు. మూడు నిమిషాలు దాటేసరికి పాపం వాళ్ళు లేవబోయేవాళ్ళు. అన్నయ్య చెయ్యి పట్టి ఆపేవాడు. "ఉష్. కూకో. ఇప్పుడొస్తాది."

ఆ పాటతో పాటు ఓ కథ కూడా ఓడెక్కి వచ్చింది. ఎవడో మునిగిపోతుంటే పక్కనున్నవాడు కాపాడకుండా చూస్తూ ఊరుకున్నాడట, అది కాలిన్స్ కళ్ళారా చూశాడట, ఆ కోపంతో రాసిన పాటట. బాబాయ్ అది ప్రమాణం చేసినట్టు చెప్పాడు. మేం నమ్మేశాం. ఏటా ఆర్కే బీచ్‌లోనో రుషికొండలోనో ఎవరో ఒకరి పిల్లాడు పోయాడన్న వార్త వినే ఊళ్ళో అలాంటి కథ నమ్మడానికి ఆధారాలు అక్కర్లేదు. తర్వాతెప్పుడో తెలిసింది, కాలిన్స్ ఆ కథ వట్టిదని చాలాసార్లు చెప్పాడని. భార్య వెళ్ళిపోయి, ఇల్లు ఖాళీ అయి, విడాకుల కోపంలో మైకు ముందు అప్పటికప్పుడు నోటికొచ్చిన మాటలట అవి. ఆల్బంలో చాలా పాటలకి ముడిసరుకు ఆ కోపమూ దిగులే. ఇంట్లో కూర్చుని సొంతంగా రికార్డు చేసుకున్న వాటినే స్టూడియోకి పట్టుకెళ్ళి వాటి మీద మిగతావి కట్టుకుంటూ వెళ్ళాడు. ఈ సంగతి అన్నయ్యకి చెప్తే కాస్త నిరాశపడ్డాడు. మునిగినవాడి కథే బావుందన్నాడు.

అన్నయ్యని అసలు నిద్రపోనివ్వనిది మాత్రం కథ కాదు, ఆ డ్రమ్ముల శబ్దం. "మోగుతంది. పెద్ద గోడౌన్లో మోగినట్టు మోగుతంది. గాని ఆ మోత సాగదురా. కత్తెట్టి కోసినట్టు ఆగిపోతంది. ఎలగ?" అని వందసార్లు అడిగి ఉంటాడు. గోడౌన్లో కొడితే మోత సాగాలి. చిన్న గదిలో కొడితే అసలు మోగకూడదు. ఈయన రెండూ ఒకేసారి ఎలా చేశాడు?

ఒక ఆదివారం మధ్యాహ్నం, ఇంట్లో అందరూ సింహాచలం వెళ్ళిన రోజు చూసి, ఆ రహస్యం తేల్చడానికి దిగాం. డ్రమ్ముల్ని మెట్ల కింద పెట్టాం, అక్కడ మోత బాగా వస్తుంది. టూ-ఇన్-వన్ రికార్డింగులో పెట్టి మెట్ల మీద ఉంచాం. అన్నయ్య ప్లాను ఏమిటంటే, తను టామ్ అనే డ్రమ్ము మీద ఒక దెబ్బ కొడతాడు, కొట్టిన మరుక్షణం నేను పెద్దమ్మ కుట్టిన బొంతని డ్రమ్ము మీద పడెయ్యాలి. మోత కోసుకుపోవాలి.

కొట్టాడు. పడేశాను. ఆలస్యమైంది. మళ్ళీ కొట్టాడు. ఈసారి ముందే పడేశాను, కర్ర బొంతలో దిగబడింది. బొంతలోంచి పాత చీర పేలికల దుమ్ము లేచి ఇద్దరికీ తుమ్ములు. తుమ్ములు కూడా రికార్డయ్యాయి. సాయంత్రం ఐదు దాకా అలా ఎన్ని దెబ్బలో, ఎన్ని బొంతలో! ఒకే ఒక్కసారి సరిగ్గా కుదిరింది. దం అని ఇల్లంతా మోగి టక్కున ఆగింది. ఇద్దరం ఒకర్నొకరు చూసుకున్నాం. పరుగెత్తి టూ-ఇన్-వన్ చూస్తే టేపు అయిపోయి ఎప్పుడో ఆగిపోయి ఉంది.

అసలు రహస్యం నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. 1980లో వచ్చిన పీటర్ గేబ్రియల్ మూడో సొంత ఆల్బంకి కాలిన్స్ డ్రమ్స్ వాయించాడు. లండన్లో టౌన్‌హౌస్ అనే స్టూడియో, ఇంజినీరు పేరు హ్యూ పాడ్గమ్. గదిలో వాయించేవాళ్ళు బయట కన్సోల్ దగ్గరున్నవాళ్ళతో మాట్లాడటానికి పైన ఒక మైకు వేలాడుతుంటుంది. అది మాటల కోసమే కాబట్టి దూరం నుంచి గొణిగినా వినపడేలా, దగ్గర్లో అరిచినా చెవి పగలకుండా శబ్దాన్నంతా గట్టిగా నొక్కి పెట్టే కంప్రెసర్ దానికి ఉంటుంది. కాలిన్స్ వాయిస్తుండగా ఆ మైకు తెరిచి ఉంది. అందులోంచి వచ్చిన మోత విని కన్సోల్ దగ్గరున్నవాళ్ళు అదిరిపోయారు. దానికి నాయిస్ గేటు అనే మరో పరికరం తగిలించారు. శబ్దం ఒక స్థాయికి తగ్గగానే తలుపు మూసేసినట్టు అది మూసేస్తుంది. గేబ్రియల్ అయితే సింబల్స్ కూడా వద్దన్నాడు. ఆ గదీ, ఆ ఇంజినీరూ, ఆ మోతే తర్వాత 'ఫేస్ వేల్యూ'లోకి వచ్చాయి.

అంటే ఆ నాయిస్ గేటు పనే అల్లిపురం మెట్ల కింద నేను బొంతతో చేశానన్నమాట. నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది.

ఇంకో చిన్న సంగతి కూడా చెప్పాలి. ఎదురింట్లో ఒక వయొలిన్ మాస్టారు ఉండేవారు. విజయనగరం సంగీత కళాశాలలో, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి రోజుల్లో చదువుకున్న మనిషి. మా గోల ఆయనకి నచ్చేది కాదని వేరే చెప్పక్కర్లేదు. ఒకరోజు ఎ సైడులో ఐదో పాట నడుస్తుంటే కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డారు. గొడవపడతారని అన్నయ్య సౌండు తగ్గించబోయాడు. "ఉంచరా. ఎవర్రా అది? ఆ కమాను మనవాళ్ళదిలా ఉందే" అన్నారు. మాకేం తెలుసు? కాపీ క్యాసెట్టు కదా, పేర్లు ఎక్కడివి? "ఇంగ్లండు వాళ్ళు మాస్టారూ" అన్నాం. ఆయన తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయారు. ఆ వయొలిన్ ఎల్. శంకర్‌ది. మద్రాసు వయొలిన్ కుటుంబం, ఎల్. వైద్యనాథన్, ఎల్. సుబ్రహ్మణ్యంల తమ్ముడు. జాన్ మెక్‌లాక్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో కలిసి 'శక్తి' బృందంలో వాయించినాయన. ఈ సంగతి నాకు తెలిసేసరికి మాస్టారు లేరు. అదొక్కటి ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంటుంది.

ఇక టైటిల్లో ఉన్న మాట దగ్గరికి వస్తాను.

1988 అనుకుంటాను, ఓ రిసెప్షన్. మా సింగర్‌కి గొంతు పూర్తిగా పోయింది, మాట కూడా రావడం లేదు. రెండో సింగర్ వేరే ప్రోగ్రాంలో ఉన్నాడు. ఆర్కెస్ట్రా ఓనరు తల పట్టుకుని కూర్చున్నాడు. అన్నయ్య మెల్లగా ఆయన దగ్గరికెళ్ళి, "నేను రెండు పాటలు పాడనా?" అన్నాడు. అన్నయ్యకి మంచి గొంతుందని ఇంట్లో మాకు తెలుసు. స్నానం చేస్తున్నప్పుడో, బీచ్ రోడ్డులో రాత్రి ప్రోగ్రాం అయ్యి సైకిళ్ళ మీద వస్తున్నప్పుడో పాడేవాడు. ఎవరైనా ఎదురైతే ఆపేసేవాడు.

ఓనరు ఆయన్ని ఎగాదిగా చూసి, "నువ్వు పాడితే కొట్టేదెవడు?" అన్నాడు.

అందరూ నవ్వారు. అందులో దుర్మార్గమేం లేదు, ఆ టెన్షన్లో ఓ జోకు దొరికిందని నవ్వారు. నేనూ నవ్వాను. అన్నయ్య కూడా నవ్వి వెళ్ళి డ్రమ్స్ వెనకాల కూర్చున్నాడు. ఆ రాత్రి కీబోర్డు మీద పాటల ట్యూన్లు వాయించి గడిపేశాం. తిరిగొస్తున్నప్పుడు ఇటుక నా సైకిలు క్యారియర్ మీద ఉంది. కొంత దూరం వచ్చాక అన్నాడు, "ఆయన అడిగింది నిజమేరా. కొట్టేదెవడు?"

రెండేళ్ళు తిరిగేసరికి ఆ ప్రశ్నకి జవాబు వచ్చింది. ఆక్టోప్యాడ్. అదీ రోలాండ్ కంపెనీదే. సూట్‌కేసంత డబ్బా, ఎనిమిది రబ్బరు ప్యాడ్లు, ఏ ప్యాడ్ మీద కొడితే ఏ డ్రమ్ము కావాలో ఆ డ్రమ్ము. ఆటో ఖర్చు లేదు, స్టేజీ మీద చోటు అక్కర్లేదు, ఇటుక అసలే అక్కర్లేదు. ఓనరు ఓ కుర్రాణ్ణి పెట్టుకున్నాడు. అన్నయ్య కొన్నాళ్ళు ఆ ప్యాడ్స్ ప్రయత్నించాడు. "రబ్బరు ముక్క కొడితే తిరిగి కొట్టదురా" అనేవాడు. చర్మం మీద పడ్డ కర్ర వెనక్కి ఎగరాలి, ఆ ఎగురుడులోనే ఆయన బద్ధకపు తీపి దెబ్బ ఉండేది. 1991లో కిట్టు మొత్తం ఓ చర్చివాళ్ళకి అమ్మేశాడు. ఇటుక పెరట్లో తులసికోట పక్కన చాన్నాళ్ళు ఉంది.

కాలిన్స్ మొహం మేం మొదటిసారి చూసింది కేబుల్ టీవీ వచ్చాకే. కాపీ క్యాసెట్టుకి బొమ్మ ఉండదు కదా. అసలు కవరు నిండా ఆయన మొహమేనట. ఇన్నేళ్ళూ మా ఊహలో ఆయన ఆరడుగుల మనిషి, భుజాల దాకా జుట్టు. టీవీలో చూస్తే పొట్టిగా, బట్టతలతో, కోటు వేసుకుని ఉన్నాడు.

"ఈడేనేటి?" అన్నాడు అన్నయ్య. కాసేపు చూసి, "బ్యాంకులో కేషియర్లా ఉన్నాడురా" అని తెగ సంతోషించాడు.

ఆ తర్వాత మేమూ ఆ పాటల్ని మర్చిపోయాం. నేను ఉద్యోగం, బదిలీలు, పిల్లలు. అన్నయ్య వర్క్‌షాపు. పగలంతా రేకుల మీద సుత్తి, అంతకుముందు అన్నేళ్ళు రాత్రిళ్ళు డ్రమ్స్, యాభై దాటేసరికి కుడి చెవి దాదాపు పోయింది. ఇప్పుడు మిషన్ పెట్టుకుంటాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊరంతా గాలి హోరుకి వణికిపోతుంటే, మిషన్ తీసి జేబులో పెట్టుకుని హాయిగా పడుకున్న మనిషి మా అన్నయ్య ఒక్కడే. లేచి చూస్తే పైకప్పు రేకులు సగం లేవు. పెద్దమ్మ పెట్టె మంచం కింద ఉండబట్టి తడవలేదు.

సరే, క్యాసెట్టు దొరికింది. వినడమెలా? నా టూ-ఇన్-వన్ అటక మీద ఉంది కానీ తెరిచి చూస్తే లోపల రబ్బరు బెల్టు కరిగి తారులా జిగురైపోయింది. దాబాగార్డెన్స్‌లో ఓ పాత మెకానిక్‌ని పట్టుకుంటే బెల్టు తెప్పించడానికి రెండు వారాలు తీసుకున్నాడు. క్యాసెట్టులో టేపుని హెడ్డుకి ఆనించే చిన్న స్పాంజి ముక్క ఊడిపోయింది. అతనే ఓ విష్ణు సహస్రనామం క్యాసెట్టు తెచ్చాడు. మూలల్లో నాలుగు, మధ్యలో ఒకటి, ఐదు చిన్న స్క్రూలు విప్పి, మా టేపు చక్రాలు రెండూ ఆ డొక్కులోకి మార్చాడు. అలా ఫిల్ కాలిన్స్ ఇప్పుడు శంఖచక్రాల స్టిక్కరు మీద తిరుగుతున్నాడు.

ముందు నేనొక్కణ్ణే విన్నాను. ఎ సైడు విన్నాను, బి సైడు తిప్పాను. ఆ ఆల్బం చివరి పాట బీటిల్స్ 1966లో పాడినది. 1980 డిసెంబరులో జాన్ లెనన్‌ని కాల్చి చంపారు, ఆ తర్వాత రెండు నెలలకే ఈ రికార్డు వచ్చింది. పాట అయిపోయాక చెవి ఆనిస్తే కానీ వినపడనంత మెల్లగా కాలిన్స్ ఒక్కడే, వాద్యాలేమీ లేకుండా, 'ఓవర్ ది రెయిన్‌బో' ఓ ముక్క పాడతాడు. కవరు మీద దాని పేరు ఉండదు. అప్పట్లో మేం అది గమనించనే లేదు. ఇప్పుడు విన్నాను. అదీ అయిపోయింది. టేపు ఖాళీగా సుయ్యిమంటోంది.

ఆ ఆల్బం ఏ వైపూ ఇరవై ఐదు నిమిషాలు నిండదు. క్యాసెట్టు వైపుకి ముప్పై. అంటే ప్రతి వైపు చివరా కొన్ని నిమిషాలు ఖాళీ. ఆపేద్దామని లేచి, టీ కోసం వంటింట్లోకి వెళ్ళాను. పాలు పొయ్యి మీద పెడుతుంటే ముందుగదిలోంచి టక్ మన్న చప్పుడు. తర్వాత సీలింగ్ ఫ్యాన్ కిర్రుమంటున్న శబ్దం. అది మా ఫ్యాను కాదు. వేళ్ళతో చెక్క మీద మెల్లగా తాళం. ఆ దెబ్బ కాస్త ఆలస్యంగా, బద్ధకంగా పడుతోంది.

తర్వాత గొంతు.

ఆ సంద్రం మీద లైటేటే
ఓడేటే, చుక్కేటే
ఓడైతే ఊరెళ్ళిపోద్ది
చుక్కైతే తెల్లారిపోద్ది

అవే నాలుగు లైన్లు, తిప్పి తిప్పి పాడాడు. మధ్యలో ఒకచోట మాటలు మానేసి వట్టి రాగం. ఒకచోట దగ్గు. పాలు పొంగిపోయి స్టవ్వు ఆరిపోయింది. నేను వెళ్ళలేదు.

ఆ వారమే ఆ టూ-ఇన్-వన్‌ని స్కూటరు మీద పెట్టుకుని అల్లిపురం వెళ్ళాను. అన్నయ్య ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. ఈ మధ్య సంగతులు కాసేపు చెప్పాను. 2016లో ఆ ఆల్బం మళ్ళీ విడుదల చేసినప్పుడు కవరు మీద పాత మొహం తీసేసి, అదే భంగిమలో ముసలి మొహం ఫొటో వేశారని. 2022 మార్చిలో లండన్లో జెనిసిస్ చివరి ప్రోగ్రాం చేశారని, కాలిన్స్‌కి ఒంట్లో బాగోక కుర్చీలో కూర్చునే పాడాడని, ఇక కర్రలు పట్టుకోలేడని.

"మరి కొట్టిందెవడు?"

"వాళ్ళబ్బాయి."

"కొడుకేనా? అయితే పర్లేదు" అన్నాడు.

అప్పుడు బి సైడు చివర్న పెట్టాను. చెవి మిషన్ సర్దుకుని ముందుకి వంగాడు. మొదటి లైనుకే గుర్తుపట్టాడు. నా వైపు చూడకుండా, "శ్రుతి లేదు" అన్నాడు. తర్వాత, "ఇది నువ్వు చెరిపీలేదేటి?" అన్నాడు. నా దగ్గర ఉంటే కదా చెరపడానికి. ఎప్పుడు పాడావని అడిగాను. ఏదో పండగ ముందు అనుకుంటాను అన్నాడు. ఓనరు నవ్విన ఏడాదేనా అని అడగబోయి ఊరుకున్నాను.

పాట నాలుగోసారి తిరుగుతుండగా టేపులో వెనకనించి ఇంకో గొంతు వచ్చింది. వంటింట్లోంచి కేకేస్తున్నట్టు.

"ఒరేయ్, అరిసెల బియ్యం ఆరిపోతన్నాయి. ఏటి అక్కడ గొణుగుతున్నావు? బేగెల్లు, మిల్లు కట్టీగలడు."

టక్. అక్కడితో రికార్డింగు ఆగిపోయింది.

అన్నయ్య కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఎనక్కి తిప్పు" అన్నాడు.

"పాట మొదట్నించా?"

"పాటెందుకురా. ఆ చివర్ది."

రివైండు నొక్కి అందాజాగా ఆపాను. ఎక్కువ వెనక్కి పోయింది, పాట మధ్యలో పడింది. ఆయన కుర్చీ చెయ్యి పట్టుకుని ఆ పాటంతా ఓపిగ్గా భరించాడు. బియ్యం ఆరిపోతన్నాయి. మిల్లు కట్టీగలడు. టక్. "ఇంకోసారి." మళ్ళీ తిప్పాను. ఇంకోసారి.

నాలుగోసారికి వదిన చేతులకి పిండితోనే వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏటి, అత్తమ్మ గొంతులా వినిపించింది?" అంది.

అన్నయ్య వేలెత్తాడు. "ఉష్. కూకో. ఇప్పుడొస్తాది."